పెంచి చూపేది ఒకటి, చదివి వినిపించేది ఒకటి: లో విజన్ సాఫ్ట్‌వేర్ తెలుగు దాకా వచ్చిన దారి

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్ళలో కొద్దిపాటి చూపుతోనే నెట్టుకొచ్చేవాళ్ళకు ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు మెయిల్ వస్తే తెరను మూడింతలు పెంచుకుని చదివేస్తారు. కళ్ళు అలిసిపోతే అదే మెయిల్‌ను కంప్యూటర్ చేత చదివించుకుంటారు. కర్నూలు నుంచో చిత్తూరు నుంచో ఒక తెలుగు పీడీఎఫ్ వస్తే మాత్రం పని అక్కడే ఆగిపోతుంది. మూడింతలకు వత్తులు ఆనవు, ఆరింతలకు పెంచితే వాక్యం తెరలో పట్టదు, చదివించబోతే కంప్యూటర్ మూగబోతుంది లేదా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వల్లిస్తుంది. ఇది వాడేవాళ్ళ చేతకానితనం కానేకాదు. పెంచి చూపే సాఫ్ట్‌వేర్, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ రెండు వేరువేరు అవసరాల నుంచి పుట్టి చాలాకాలం ఎవరి దారిన వాళ్ళు నడిచాయి. తెలుగు లిపి కంప్యూటర్‌లోకి మూడో దారిన వచ్చింది. లో విజన్ (తక్కువ చూపు) ఉన్నవాళ్ళకు ఆ మూడూ ఒకేచోట కావాలి.

చట్టం కూడా వీళ్ళను ఏ వరసలో పెట్టాలో తేల్చడానికి సమయం తీసుకుంది. 1995 నాటి వికలాంగుల చట్టం లో విజన్‌కు అంకె పెట్టలేదు. చికిత్స తరవాత, కళ్ళజోడు తరవాత కూడా చూపు తక్కువగానే ఉండి, తగిన పరికరం ఉంటే ఆ చూపుతో పని చేసుకోగలిగే మనిషి అని చెప్పింది. 2016 చట్టం కొలతలు పెట్టింది: మెరుగైన కంటిలో, కళ్ళజోడు పెట్టుకున్నాక, 6/18 నుంచి 3/60 దాకా ఉన్న చూపు, లేదా 40 డిగ్రీల లోపు నుంచి 10 డిగ్రీల దాకా ఉన్న చూపు పరిధి. 6/60 అంటే మామూలు చూపున్నవాళ్ళు 60 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఆరు మీటర్ల దగ్గరికి వస్తేగానీ చదవలేకపోవడం. పాత చట్టం ప్రకారం ఆ చూపు అంధత్వం కిందికే వచ్చేది. కొత్త చట్టం 6/60కీ 3/60కీ మధ్య ఉన్నవాళ్ళను లో విజన్‌లోకి తెచ్చింది.

వైకల్య సర్టిఫికెట్ మీది అంకె చూసి ఎన్నింతలు పెంచాలో చెప్పడం మాత్రం కుదరదు. రెటీనా నడిమి భాగం దెబ్బతిన్నవాళ్ళకు సూటిగా చూసిన చోట మరక ఉంటుంది, పక్కచూపు మిగులుతుంది. వాళ్ళకు పెంచేకొద్దీ మేలు. రెటినైటిస్ పిగ్మెంటోసాలోనూ ముదిరిన నీటికాసుల్లోనూ చుట్టుపక్కల చూపు పోయి గొట్టంలోంచి చూసినట్టు నడిమి ముక్క ఒక్కటే మిగులుతుంది. వాళ్ళకు మరీ పెంచితే ఒక అక్షరమే ఆ గొట్టాన్ని నింపేస్తుంది. వీళ్ళకు కొద్దిగా పెంచి, మిగతాది చెవికి అప్పగించాలి. ఈ తేడా తెలియకుండా అందరికీ ఒకే అమరిక పెట్టేసి, తరవాత మనిషికి సాఫ్ట్‌వేర్ అలవాటు కాలేదనడం అన్యాయం.

పెంచి చూపే దారి కంప్యూటర్ల కంటే ముందు టీవీతో మొదలైంది. అమెరికాలోని ర్యాండ్ కార్పొరేషన్‌లో గణితశాస్త్రజ్ఞుడు శామ్యూల్ జెనెన్‌స్కీకి తనకే చూపు తక్కువ. 1960ల చివర ఆయన, సహోద్యోగులు కలిసి పుస్తకం మీద కెమెరా పెట్టి పేజీని టీవీ తెర మీద పెద్దదిగా చూపే క్లోజ్డ్ సర్క్యూట్ ఏర్పాటు తయారుచేశారు. కంప్యూటర్ తెరనే పెంచే జూమ్‌టెక్స్ట్ 1988లో, విండోస్‌కు ముందు వాడిన డాస్ కోసం వచ్చింది, ఏఐ స్క్వేర్డ్ అనే సంస్థ నుంచి. విండోస్ 98తో మాగ్నిఫయర్ ఉచితంగా చేరింది గానీ అది తెర పైభాగాన ఒక పట్టీలో పెంచి చూపేది. తెర మొత్తాన్ని పెంచే పద్ధతి, భూతద్దంలా మౌస్ వెంట కదిలే పద్ధతి 2009లో విండోస్ 7తో వచ్చాయి.

చదివి వినిపించే దారి చూపు పూర్తిగా లేనివాళ్ళ కోసం పడింది. అచ్చు పేజీని స్కాన్ చేసి పైకి చదివే కర్జ్‌వైల్ యంత్రం 1976లో బయటికొచ్చింది. తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్లలో టెడ్ హెంటర్ సంస్థ నుంచి జాస్ 1989లో డాస్‌కీ, 1995లో విండోస్‌కీ వచ్చింది. మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఉచితం, దాని కోడ్ అందరికీ తెరిచే ఉంది. ఈ స్క్రీన్ రీడర్లు తెర మీది బొమ్మతో సంబంధం లేకుండా దాని వెనకున్న అక్షరాల కోడ్‌ను చదువుతాయి. మాగ్నిఫయర్‌కు కోడ్ అక్కర్లేదు, బొమ్మ చాలు. తెలుగు ఎక్కడ దెబ్బతిన్నదో తెలియాలంటే ఈ ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. జూమ్‌టెక్స్ట్, జాస్ రెండూ ఒకే కంపెనీ గూటికి చేరింది 2016లో. ఆ రెంటినీ కలిపిన ఫ్యూజన్ అలా పుట్టింది.

పెంచడానికి చెల్లించే మూల్యం ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. 1920 బై 1080 తెరను నాలుగింతలు పెంచితే కనిపించేది 480 బై 270 ముక్క, అంటే తెరలో పదహారో వంతు. ఎనిమిదింతలకు అరవైనాలుగో వంతు. ప్రతి వరసకూ మౌస్‌ను కుడికి జరపాలి, మళ్ళీ ఎడమకు లాగాలి, ఏ వరసలో ఉన్నామో తప్పిపోకూడదు. అందుకే ముందు చేయాల్సింది తెరను దగ్గరికి తెచ్చుకోవడం. 60 సెంటీమీటర్ల దూరంలోని మానిటర్‌ను కదిలే స్టాండుకు బిగించి 30 సెంటీమీటర్లకు తెస్తే, ఒక్క పిక్సెల్ పోకుండా రెండింతలు పెరిగినట్టే. కళ్ళజోడు ఆ దూరానికి సరిపోయేలా రాయించుకోవాలి, లేకపోతే దగ్గరితనం మసకలో కలిసిపోతుంది.

ఇక లిపి. ఇంగ్లీషు అక్షరాలు ఒకే వరసలో నిలబడతాయి. తెలుగులో పైన గుడి, కింద వత్తు. కి, కీ మధ్య తేడా చిన్న మెలిక. ప, వ, మ విడివిడిగా తెలియడానికి ఆధారం కొద్దిపాటి గీతలు. ద, ధ తేడా కింద నిలువు గీటు. అసలు అక్షరం కంటే వత్తు బాగా చిన్నదిగా ఉంటుంది కాబట్టి ఇంగ్లీషుకు సరిపడ్డ పెంపు తెలుగుకు చాలదు. నలుపు మీద తెలుపు పెట్టుకున్నవాళ్ళకు ఇంకో ఇబ్బంది: వెలుగు అంచుల్లోంచి పాకి వత్తు లోపలి ఖాళీని పూడ్చేస్తుంది. కాస్త మందంగా ఉన్న అక్షరం, వరసల మధ్య ఒకటిన్నర రెట్ల ఎడం, తెర వెలుగు కొద్దిగా తగ్గించడం, ఈ మూడూ కలిస్తే పెంపు ఒక మెట్టు దించుకోవచ్చు.

పైవన్నీ కంటి సంగతులు. చెవికి అసలు దెబ్బ ఫాంట్ల దగ్గర తగిలింది. ప్రతి లిపిలోని అక్షరాలకూ కోడ్‌లు కేటాయించే ప్రపంచ ప్రమాణం యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగు 2001లో ఎక్స్‌పీతో వచ్చింది. డీటీపీ సెంటర్లు, పత్రికలు అప్పటికే వేరే ఫాంట్లలో స్థిరపడిపోయాయి. అను ఫాంట్ల వంటివాటిలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీద కూర్చుంటాయి. కంటికి చక్కటి తెలుగు, కోడ్‌లో చెత్త. మాగ్నిఫయర్ దాన్ని బ్రహ్మాండంగా పెంచి చూపుతుంది, స్క్రీన్ రీడర్ చేతికి మాత్రం చెత్తే దొరుకుతుంది. పత్రికల వెబ్‌సైట్లు కూడా ఏళ్ళ తరబడి సొంత ఫాంట్లతో నడిచాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు చాలామందిని ఆదుకుంది. వెబ్ తరవాత మారింది. పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాలు, కరపత్రాలు, దరఖాస్తులు మాత్రం ఇప్పటికీ ఆ రూపంలోనే పీడీఎఫ్‌లుగా తిరుగుతున్నాయి.

తెలుగుకు గొంతు ఇచ్చే పనిలో బెంగళూరుకు మంచి వాటా ఉంది. భారతీయ భాషలను పలికే ధ్వని అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, సింప్యూటర్ అనే చవక చేతి కంప్యూటర్ కోసం మొదలైంది. తరవాత అందులో తెలుగూ చేరింది. సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ, ఎన్‌వీడీఏలో ఈస్పీక్ అనే ఉచిత కంప్యూటర్ గొంతు భారతీయ భాషలను మెరుగ్గా పలికేలా చేసే పనిని 2010 తరవాతి ఏళ్ళలో చేపట్టింది. ఉద్యోగాల వైపు చూస్తే ఎనేబుల్ ఇండియా 1999లో మొదలైంది. స్థాపకురాలు శాంతి రాఘవన్ తమ్ముడికి పదిహేనో ఏట రెటినైటిస్ పిగ్మెంటోసా బయటపడటం దానికి మూలం. 1990 నుంచి నడుస్తున్న మిత్రజ్యోతి శ్రవణ పుస్తకాల పని చేస్తోంది.

పుస్తకాన్ని చదవగలిగే రూపంలోకి మార్చుకోవడానికి అనుమతి అడగాల్సిన పని 2012 కాపీరైట్ సవరణతో తప్పింది. చూపులేనివాళ్ళకే కాదు, మామూలు అచ్చు చదవలేని ఏ వైకల్యం ఉన్నా ఆ వెసులుబాటు వర్తిస్తుంది. అచ్చు చదవలేనివాళ్ళకు పుస్తకాలు అందేలా చేసే అంతర్జాతీయ మర్రాకేశ్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించింది భారతదేశమే. సుగమ్య పుస్తకాలయ ఆన్‌లైన్ గ్రంథాలయం 2016లో వచ్చింది.

విండోస్‌లో పెంచి చూపే దారీ, చదివి వినిపించే దారీ ఒక ఉచిత పనిముట్టులో కలిసింది 2020లో. ఆ ఏడాది మే నెల విండోస్ 10 అప్‌డేట్ మాగ్నిఫయర్‌కే చదివే పని నేర్పింది. విండోస్ కీ, ప్లస్ కలిపి నొక్కితే మాగ్నిఫయర్ తెరుచుకుంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎంటర్ నొక్కితే చదవడం మొదలవుతుంది. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని మౌస్ నొక్కితే ఆ మాట దగ్గర నుంచి చదువుతుంది. రంగులు తిరగేయడానికి కంట్రోల్, ఆల్ట్, ఐ. మూయడానికి విండోస్ కీ, ఎస్కేప్. మొదట మార్చాల్సింది అంచెలంచెలుగా పెరిగే కొలత: మామూలుగా ఒక్కో నొక్కుకు 100 శాతం దూకుతుంది, దాన్ని 25కు తగ్గిస్తే తనకు సరిపడే చోట ఆగవచ్చు. మాగ్నిఫయర్ మౌస్‌తోపాటు టైపింగ్ కర్సర్‌నూ వెంబడించేలా టిక్ పెట్టాలి. పెట్టకపోతే టైప్ చేస్తున్న మాట తెర బయట పడుతుంది.

ఈ చదివే పనికి కంప్యూటర్‌లో ఆ భాష గొంతు ఉండాలి. తెలుగు గొంతు లేని యంత్రం తెలుగు మాటలను దాటేసి మధ్యలోని ఇంగ్లీషునూ అంకెలనూ మాత్రమే చదువుతుంది. సాఫ్ట్‌వేర్ పాడైందని చాలామంది అక్కడే వదిలేస్తారు. తెలుగు వెబ్ పేజీని ఎడ్జ్ బ్రౌజర్‌లో తెరిచి కంట్రోల్, షిఫ్ట్, యూ నొక్కితే మోహన్, శ్రుతి అనే తెలుగు గొంతులు చదువుతాయి. పలుకు సహజంగా ఉంటుంది గానీ నెట్ ఉండాలి. నెట్ లేనప్పుడు ఎన్‌వీడీఏలో ఈస్పీక్ తెలుగు. మరమనిషి గొంతే, కానీ ఎంత వేగం పెంచినా తడబడదు. ఎన్‌వీడీఏలో మౌస్ కింది మాట చదివే అమరికను ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్), ఎం తో వేసుకోవచ్చు. విజన్ సెట్టింగుల్లో చదువుతున్న చోట చుట్టూ గడి గీసే అమరిక ఉంది. మాగ్నిఫయర్, ఎన్‌వీడీఏ రెండూ కలిపి నడపడానికి ఈ రెండూ తప్పనిసరి అనే అంటాం. కన్ను, చెవి ఒకే మాట మీద నిలవాలంటే అదే మార్గం.

ఆఫీసుల్లో చెడేది మరోచోట. రిమోట్ డెస్క్‌టాప్ మీద పని జరిగితే మన కంప్యూటర్‌కు అందేది అవతలి తెర బొమ్మ మాత్రమే: పెంచితే మసక, చదివించితే మౌనం. మాగ్నిఫయర్, ఎన్‌వీడీఏలను ఆ అవతలి యంత్రంలోనే నడిపించేలా ఐటీ విభాగాన్ని అడగాలి. కంపెనీ వెబ్ పేజీల విషయంలో అడగాల్సింది వెబ్ పేజీలు వైకల్యం ఉన్నవాళ్ళకూ అందాలని చెప్పే అంతర్జాతీయ ప్రమాణం, 2018 నాటి డబ్ల్యూసీఏజీ 2.1లోని నియమం: 1280 పిక్సెళ్ళ వెడల్పు తెరలో 400 శాతానికి పెంచినా, పక్కకు జరపాల్సిన పని లేకుండా రాత ఒకే నిలువు వరసలోకి సర్దుకోవాలి.

ఊరి నుంచి వచ్చిన ఆ పీడీఎఫ్‌కు, బొమ్మలోని అక్షరాలను గుర్తించి కోడ్‌గా మార్చే ఓసీఆరే దిక్కు. ఎన్‌వీడీఏలో ఎన్‌వీడీఏ కీ, ఆర్ నొక్కితే పనిచేసే విండోస్ ఓసీఆర్‌కు తెలుగు రాదు. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు కోడ్‌గా వస్తాయి. ఫైలు 2 ఎంబీ దాటకూడదు, కాబట్టి పెద్ద పుస్తకాన్ని ముక్కలు చేయాలి. నెట్ లేకుండా కావాలంటే టెసెరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు ఫైలు కలుపుకోవాలి. స్కాన్ 300 డీపీఐ కంటే తక్కువైతే మొదట పోయేవి వత్తులే. ఒకటికి బదులు సున్న, ధకు బదులు ద వచ్చినా గొంతు ఏ అనుమానమూ లేకుండా చదివేస్తుంది. పొలం కాగితమైతే వాక్యాలు వినవచ్చు గానీ సర్వే నంబరు, విస్తీర్ణం, తేదీ దగ్గర ఆగి, అసలు పీడీఎఫ్‌ను పక్కన తెరిచి, ఎనిమిదింతలు పెంచి ఒక్కో అంకే కంటితో సరిచూసుకోవాలి.