భూమి తిరుగుడు చంద్రుడికి చేరుతోంది

ఒప్పులకుప్ప తిరిగినవాళ్లకి ఈ సూత్రం పుస్తకం తెరవకముందే తెలుసు. చేతులు పెనవేసుకుని, వెనక్కి వాలి తిరిగే ఇద్దరు పిల్లలు మోచేతులు వంచి దగ్గరికి జరిగితే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. చేతులు చాపితే తగ్గుతుంది. ద్రవ్యరాశి, తిరిగే వేగం, ఇరుసు నుంచి దూరం, ఈ మూడూ కలిసిన లెక్క పేరు కోణీయ ద్రవ్యవేగం. బయటి నుంచి ఎవరూ మెలితిప్పనంత వరకు ఆ లెక్క మారదు.

మరి ఆట ఆగినప్పుడు? పాదాల రాపిడి వల్ల అదంతా నేలకి, అంటే భూమికి చేరిపోతుంది. భూమి చాలా పెద్దది కాబట్టి తేడా తెలియదు.

ఆ భూమే నెమ్మదిస్తోంది. రోజు నిడివి వందేళ్లకి సుమారు 2 మిల్లీసెకన్లు పెరుగుతోంది. కారణం మన సముద్రాల ఆటుపోట్లు. చంద్రుడి ఆకర్షణకి ఉబ్బిన నీటిని, 24 గంటల్లో తిరిగే భూమి తనతోపాటు కాస్త ముందుకి ఈడ్చుకెళ్తుంది. చంద్రుడు ఒక చుట్టు పూర్తి చేయడానికి 27 రోజులకి పైగా పడుతుంది కదా, ఆ ఉబ్బు ఎప్పుడూ అతని కన్నా ఒక అడుగు ముందే ఉంటుంది. చంద్రుడు దాన్ని వెనక్కి లాగుతాడు, భూమికి బ్రేకు పడుతుంది. ఉబ్బు చంద్రుణ్ణి ముందుకి లాగుతుంది, అతను పైకక్ష్యకి జరుగుతాడు.

నాకు అన్నిటికన్నా అబ్బురంగా అనిపించేది ఇక్కడే. నీటి రాపిడిలో శక్తి వేడిగా మారిపోగలదు. కోణీయ ద్రవ్యవేగానికి ఆ దారి లేదు. భూమి వదులుకున్నది మరొకరికి చేరి తీరాలి. దూరం జరిగే కొద్దీ చంద్రుడి వేగం తగ్గుతుంది, అయినా దూరం పెరిగినందువల్ల అతని వాటా మొత్తం మీద పెరుగుతుంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద పెట్టిన అద్దాలకి భూమి నుంచి లేజర్ కొట్టి, అది తిరిగొచ్చే సమయాన్ని కొలుస్తున్నారు. చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరమవుతున్నాడు.

పాత సాక్ష్యం పగడాల్లో ఉంది. పగడం రోజుకో సన్నని గీత చొప్పున పెరుగుతుంది. సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి పగడపు శిలాజాల్లో ఒక్కో ఏడాది పెరుగుదలకి ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టిన శిలాజ శాస్త్రవేత్త జాన్ వెల్స్, అప్పటి ఏడాదికి దాదాపు 400 రోజులు ఉండేవని 1963లో ప్రకటించాడు. ఏడాది నిడివి మారలేదు. అంటే అప్పటి రోజుకి సుమారు 22 గంటలే.