ఫార్మాట్ చేయించే ముందు ఆగండి: లినక్స్‌పై అపోహలు, వాస్తవాలు

తిరుపతి బాలాజీ కాలనీలో కంప్యూటర్ మరమ్మతులు చేస్తుంటాను. యూనివర్సిటీ దగ్గరే కాబట్టి వచ్చేవాళ్లలో విద్యార్థులు ఎక్కువ. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిశాక, పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ (విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేయించుకుందామని వచ్చేవాళ్లు పెరిగారు. దానితో పాటే ఒక పుకారు కూడా పెరిగింది. దాన్ని ఎవరు పుట్టించారో తెలియదు కానీ, దాని వల్ల జనం నష్టపోవడం మాత్రం కళ్లారా చూస్తున్నాను.

అపోహ: లినక్స్ జోలికి వెళితే లోపల ఉన్న ఫైళ్లన్నీ పోతాయి.

వాస్తవం: పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌ను నడిపి చూసినంత మాత్రాన మీ డిస్కులో ఒక్క ఫైలూ మారదు. అది ర్యామ్‌లో (కంప్యూటర్ తాత్కాలిక జ్ఞాపకంలో) నడుస్తుంది, ఆపేస్తే పోతుంది. దీన్నే లైవ్ యూఎస్‌బీ అంటారు. వైఫై కలుస్తోందా, స్పీకర్ పలుకుతోందా, ప్రింటర్‌ను గుర్తిస్తోందా అన్నవన్నీ ఇన్‌స్టాల్ చేయకముందే చూసుకోవచ్చు. చెరిగిపోయేది ఆ పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్న సరుకే. కాబట్టి పెళ్లి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ ఇచ్చి లినక్స్ ఎక్కించమనకండి, 8 జీబీ ఖాళీది తీసుకోండి.

డిస్కులోని ఫైళ్లు పోయే అవకాశం ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వస్తుంది, అదీ ముఖ్యంగా ఒక్క తెర దగ్గర. విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేయాలా, డిస్కు మొత్తం చెరిపేసి చేయాలా అని అక్కడ అడుగుతుంది. తొందరలో రెండోది నొక్కితే చెరిపేస్తుంది. ఏ పార్టిషన్లు (డిస్కులోని విభాగాలు) మారబోతున్నాయో చూపించి, ఇంకోసారి అడిగాకే పని మొదలుపెడుతుంది. ఆ జాబితా చదవకుండా సరే అనేసి, తర్వాత లినక్స్ ముంచేసిందని ఊరంతా చెప్పడం అన్యాయం. పక్కన వేసుకునేటప్పుడు కూడా ముఖ్యమైనవి ముందు వేరేచోట కాపీ చేసుకోవాల్సిందే. పార్టిషన్ సైజు మార్చేటప్పుడు కరెంటు పోతే ఎవరూ పూచీ ఉండరు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే పుకారుకు రెండో వైపు. విండోస్ తెరుచుకోకపోతే "ఫార్మాట్ చేయాల్సిందే, డేటా పోతుంది" అని చెప్పేస్తారు, జనం నమ్మేస్తారు. విండోస్ పాడవడం వేరు, ఫైళ్లు పోవడం వేరు. తెరుచుకోని విండోస్ డిస్కును చాలాసార్లు లినక్స్ మామూలుగా చదివేస్తుంది.

పోయిన వేసవిలో పాకాల నుంచి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే రిపేర్ తెర వస్తుంది, మళ్లీ ఆరిపోతుంది. వేరే దుకాణంలో ఫార్మాట్ తప్ప దారి లేదన్నారట. "అన్నా, థీసిస్ మొత్తం అందులోనే ఉంది, డెస్క్‌టాప్ మీదే పెట్టాను" అంటూ కన్నీళ్లు పెట్టుకుంది. డి డ్రైవ్‌లో ఉన్నవి ఎక్కడికీ పోవని అక్కడ ధైర్యం చెప్పారట. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మామూలుగా ఉండేది సి డ్రైవ్‌లో, ఫార్మాట్ చేసేది సరిగ్గా దాన్నే. "ముందు చూద్దాం, కూర్చో అమ్మా" అన్నాను.

లినక్స్‌లో ఒక రకమైన మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి, ఎఫ్12 నొక్కి, దాని నుంచే కంప్యూటర్‌ను తెరిచాను. ఫైల్ మేనేజర్‌లో ఎడమ పక్కన డిస్కు కనిపించింది. తెరిచి యూజర్స్, ఆమె పేరు, డెస్క్‌టాప్ వరకు వెళ్లేసరికి అధ్యాయాలన్నీ వరుసగా ఉన్నాయి. చదవడానికి మాత్రమే తెరిచానని లినక్స్ ఒక సందేశం చూపించింది. విండోస్‌లో త్వరగా తెరుచుకోవడానికి పెట్టిన ఫాస్ట్ స్టార్టప్ ఉంటే డిస్కు పూర్తిగా మూసుకోకుండా ఆగుతుంది, అప్పుడు ఇలా అవుతుంది. ఫైళ్లు బయటికి తీసేటప్పుడు అది మేలే, మన చెయ్యి జారినా ఏమీ చెరగదు. అన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఒక్కొక్కటీ తెరిపించి, ఆమె సరేనన్నాకే ఫార్మాట్ చేశాను.

ముందే ఫార్మాట్ చేసి ఉంటే? పాత హార్డ్ డిస్కులో త్వరిత ఫార్మాట్ తర్వాత కూడా కొంత దొరుకుతుంది. తిరిగే భాగాల్లేని కొత్త రకం డిస్కు అయిన ఎస్‌ఎస్‌డీలో ఆ ఆశ పెట్టుకోకండి. ఈ ఖాళీ ఇక అక్కర్లేదని విండోస్ చెప్పగానే ఎస్‌ఎస్‌డీ దాన్ని లోపలే శుభ్రం చేసేస్తుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన రికవరీ సాఫ్ట్‌వేర్ కొన్నా డబ్బు దండగ.

లినక్స్‌కూ లొంగనివి రెండున్నాయి. హార్డ్ డిస్కు టక్ టక్‌మని శబ్దం చేస్తుంటే వెంటనే ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే మిగిలిందీ పోతుంది. రెండోది బిట్‌లాకర్, అంటే డిస్కుకు విండోస్ వేసే తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డిస్కుకు తాళం పడిపోతుంది, యజమానికి ఆ సంగతే తెలియదు. 48 అంకెల రికవరీ కీ ఉంటే లినక్స్‌లోనూ తెరుచుకుంటుంది, లేకపోతే ఎవరి వల్లా కాదు. ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కంప్యూటర్ బాగున్నప్పుడే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే కంప్యూటర్ మూల సెట్టింగుల్లో) ఏదైనా మార్చాల్సి వస్తే, అంతకు ముందే రాసుకోండి.

అపోహ: లినక్స్‌లో తెలుగు పాడైపోతుంది.

ఆ అమ్మాయి థీసిస్‌ను లినక్స్‌లో ఉండే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వచ్చాయి. ఆమె మళ్లీ బెదిరిపోయింది. లినక్స్ ఏమీ పాడు చేయలేదు. అది అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు. అందులో నిజానికి ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే, వాటిని తెలుగు ఆకారాల్లో చూపించేది ఆ ఫాంటు. ఫాంటు లేని కొత్త విండోస్‌లో తెరిచినా అవే గుర్తులు వస్తాయి. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లో టైపు చేసినదైతే ఏ బెడదా లేదు. యూనికోడ్ తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లినక్స్‌లో ఉంటుంది, సెట్టింగుల్లో తెలుగు కలుపుకుంటే చాలు. మన శ్రీకాళహస్తి కవి పేరిట ఉన్న ధూర్జటి ఫాంటుతో పాటు మండలి, గురజాడ, రామభద్ర వంటి అందమైన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఇప్పుడు థీసిస్ మొదలుపెట్టేవాళ్లు దయచేసి యూనికోడ్‌లోనే రాయండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

లినక్స్‌కు నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయాలా? బ్రౌజరు, ఉత్తరాలు, సినిమాలు, ఆఫీసు పనికి అక్కర్లేదు. ఉచితం కాబట్టి దొంగ కాపీనా? కాదు, అందరూ వాడుకునే హక్కును లైసెన్సే ఇస్తుంది. దొంగ కాపీ అంటే క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, వైరస్‌లు ఎక్కువగా వచ్చేది దానితోనే. లినక్స్‌లో మోసపోమా? బ్రౌజరులో జరిగే మోసం ఎక్కడైనా ఒకటే. తిరుమల గదులు, దర్శనం పేరిట నడిచే నకిలీ వెబ్‌సైట్ల గురించి టీటీడీ పదేపదే హెచ్చరించింది. అలాంటి చోట డబ్బు కట్టేస్తే ఏ ఆపరేటింగ్ సిస్టమూ కాపాడదు.

అందరూ లినక్స్‌కు మారిపోవాలా? అక్కర్లేదు. ట్యాలీ మీద రోజంతా లెక్కలు రాసే బెల్లం మండీ వాళ్లకు, వేలిముద్ర యంత్రాలతో పనిచేసే సేవా కేంద్రాలకు విండోస్‌లోనే ఉండమని నేనే చెబుతాను. ప్రింటర్ పాతదైతే ముందు దాన్ని లైవ్ యూఎస్‌బీతో పరీక్షించాలి. వెబ్‌సైట్లు చూసుకునే, పిల్లలు చదువుకునే ఇంటి కంప్యూటర్ అయితే 4 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు. మింట్ 22 వరుసకు 2029 ఏప్రిల్ వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. కొత్తది కొనడానికి అప్పు చేసే ముందు, మీ పాతదాన్ని తీసుకొచ్చి పెన్‌డ్రైవ్‌తో నడిపి చూడండి.