నాలుగేళ్లు టాప్ పిక్స్ పడ్డా ఫిలడెల్ఫియాకి మిగిలింది ఒక్కడే

ఎంసెట్ కౌన్సెలింగ్‌లో మంచి ర్యాంకు వచ్చినోడు ముందు సీటు ఎంచుకుంటాడు కదా, అమెరికాలో బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ జరిపే డ్రాఫ్ట్ దీనికి పూర్తి రివర్స్, సీజన్‌లో చిత్తుగా ఓడిన టీమ్‌కే కొత్త కుర్రాళ్లని ముందు ఏరుకునే చాన్స్ ఎక్కువ. అలాగని ఆఖర్న ఉంటే ఫస్ట్ పిక్ గ్యారంటీ అని కాదు, లాటరీ తీస్తారు. 1 నుంచి 14 నంబర్లున్న బంతులు మెషీన్‌లో పోసి 20 సెకన్లు కలిపి ఒకటి, ఆ తర్వాత పదేసి సెకన్లకి ఒక్కోటి చొప్పున ఇంకో మూడు. టైమ్ చూసే మనిషి మెషీన్‌కి వీపు పెట్టి నిలబడి చెయ్యెత్తి సైగ చేస్తాడు, అంత జాగ్రత్త మరి. 14లో 4 అంటే 1001 కాంబినేషన్లు, ఒకటి పక్కనపెట్టి 1000 టీమ్‌లకి పంచుతారు, పడ్డ నాలుగు నంబర్లు ఎవరి కాంబినేషన్ అయితే ఫస్ట్ పిక్ వాళ్లది. 2019కి ముందు అట్టడుగు టీమ్‌కి 250 దక్కేవి.

2013లో ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్‌కి జనరల్ మేనేజర్‌గా వచ్చిన శామ్ హింకీ ఈ లెక్కనే పట్టుకున్నాడు. మధ్యలో వేలాడే టీమ్ ఏళ్ల తరబడి మధ్యలోనే ఉంటుంది, కప్పు కొట్టాలంటే సూపర్‌స్టార్ కావాలి, సూపర్‌స్టార్లు ఎక్కువగా పై పిక్స్‌లోనే దొరుకుతారు, కాబట్టి ఉన్న మంచి ప్లేయర్లని ఇచ్చేసి పిక్స్ పోగేద్దాం, ఈలోపు ఓడితే ఓడదాం. ఓడారు కూడా, 2013-14లో వరసగా 26 మ్యాచ్‌లు, 2015-16లో అయితే 82 ఆడి గెలిచింది 10. అయినా ఫ్యాన్స్ "ట్రస్ట్ ద ప్రాసెస్" అని అరిచేవాళ్లు!

పిచ్చిగా అనిపిస్తుంది గానీ వెనకాల స్టాటిస్టిక్స్ ఉంది. డ్రాఫ్ట్‌కి వచ్చే టాప్ కుర్రాళ్లలో చాలామందికి 19 ఏళ్లే, కాలేజీలో ఆడింది ఒక్క సీజన్. అందులో వంద త్రీలు, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, వేస్తే 35 పడ్డాయనుకోండి. వంద షాట్లంటే లక్ వల్లే అటూ ఇటూ ఓ ఐదు తేడా రావడం మామూలు, అంటే అసలు సత్తా 30 శాతమే ఉన్నోడికి ఆ ఏడాది కలిసొచ్చి 35 పడి ఉండొచ్చు, 40 శాతం వాడికి కలిసిరాక 35 దగ్గరే ఆగి ఉండొచ్చు. ఎన్‌బీఏలో ఈ ఇద్దరికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. అందుకే చాలామంది అనలిస్టులు ఫౌల్‌కి ఇచ్చే ఫ్రీ త్రోలు కూడా చూస్తారు, అక్కడ ఎదురుగా చెయ్యి అడ్డుపెట్టేవాడు ఉండడు, దూరం మారదు, వాడి గురి ఏంటో కాస్త తేటగా కనపడుతుంది. ఎంత చూసినా అంచనా అంచనానే, కాబట్టి ఎక్కువ టికెట్లు, అంటే పిక్స్, కొను అన్నది హింకీ వాదన. నాకైతే ఇందులో తప్పు కనపడదు.

తీరా చూస్తే ఏం జరిగింది? 2014లో మూడో పిక్ జోయెల్ ఎంబీడ్, పాదంలో ఎముక విరగడంతో రెండు సీజన్లు కోర్టే ఎక్కలేదు. 2015లో మళ్లీ మూడో పిక్, జాలిల్ ఒకఫోర్, బాస్కెట్ కింద నిలబడి స్కోర్ చేసే పాతకాలం సెంటర్, లీగేమో త్రీల వెంట పరిగెడుతోంది, అదే ఏడాది, తర్వాత స్టార్ అయిన డెవిన్ బుకర్ 13వ పిక్‌లో వెళ్లాడు. 2016లో లాటరీ నిజంగానే తగిలి ఫస్ట్ పిక్ బెన్ సిమన్స్, అప్పటికే ఏప్రిల్‌లో హింకీ రాజీనామా చేసేశాడు పాపం. 2017లో బోస్టన్‌తో ట్రేడ్ చేసుకుని మరీ ఫస్ట్ పిక్‌లో మార్కెల్ ఫుల్ట్జ్, భుజం సమస్యతో షాటే పోయింది, బోస్టన్ మూడో పిక్‌లో, తర్వాత స్టార్ అయిన జేసన్ టేటమ్‌ని పట్టుకెళ్లింది. నలుగురిలో ఎంవీపీ, అంటే సీజన్ బెస్ట్ ప్లేయర్, అయింది ఎంబీడ్ ఒక్కడే, 2023లో. ఆ 2014 డ్రాఫ్ట్‌లోనే 41వ పిక్‌లో డెన్వర్‌కి దొరికిన నికోలా యోకిచ్‌కేమో 2024 నాటికే మూడు ఎంవీపీలు.

ఊరికే అనుకుందాం, పై పిక్‌లో అసలైన స్టార్ తగిలే చాన్స్ నాలుగో వంతు. నాలుగు పిక్స్ ఉన్నా ఒక్కడూ తగలకపోయే చాన్స్ 32 శాతం దాకా ఉంటుంది. హింకీ ఐడియాకి అసలు లోటు ఇదే, టికెట్లు ఎన్ని పోగేసినా నాలుగైదే, వెయ్యిసార్లు ఆడితే గెలిచే పందెం నాలుగుసార్లకే గెలవాలని రూలేం లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఫిలడెల్ఫియా నయం. బ్యారీ స్టా, హా హోంగ్ అని ఇద్దరు రిసెర్చర్లు 1995లో ఒక పేపర్ రాశారు, ఆట ఒకేలా ఉన్నా పై పిక్‌లో తీసుకున్నోడినే టీమ్‌లు ఎక్కువ నిమిషాలు ఆడిస్తాయి, ఎక్కువ ఏళ్లు ఉంచుకుంటాయి అని. పెట్టిన ఖర్చు మీద మమకారం అన్నమాట. వీళ్లు అలా పట్టుకు వేలాడలేదు, ఒకఫోర్‌ని 2017లో, ఫుల్ట్జ్‌ని 2019లో పంపించేశారు.

ఇంతా అయ్యాక 2019లో లీగ్ లాటరీనే మార్చేసింది, అట్టడుగు మూడు టీమ్‌లకీ తలా 140 కాంబినేషన్లు, అందరికంటే ఎక్కువ ఓడినా అదనంగా ఒక్కటీ రాకుండా. 2025లో 18 కాంబినేషన్లే ఉన్న డల్లాస్‌కి ఫస్ట్ పిక్ తగిలింది, కూపర్ ఫ్లాగ్‌ని ఎత్తుకెళ్లారు.