ఫోన్‌లో దాచుకున్న కొండదారులు: అపోహలు - వాస్తవాలు

విశాఖ చుట్టుపక్కల కొండలకు వారాంతాల్లో జనాన్ని తీసుకెళ్తుంటాను. ఎక్కించడం, దింపడం పెద్ద కష్టం కాదు. అసలు పని సోమవారం వాట్సాప్‌లో మొదలవుతుంది. "అన్నా, నాకు 9 కిలోమీటర్లే వచ్చింది, వాడికి 11 ఎలా వచ్చింది?" "సార్, ఫోన్ మార్చాను, ట్రాకులన్నీ పోయాయి." ట్రాక్ అంటే మనం నడిచిన దారిని ఫోన్‌లో యాప్ చుక్కచుక్కగా గీసే గీత. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇదిగో, ఒక్కచోట.

అపోహ: సిగ్నల్ లేకపోతే ట్రాక్ రికార్డవదు

అనంతగిరి ఘాట్‌లో టవర్ గీతలు మాయమవగానే యాప్ ఆపేసేవాళ్లను చాలామందిని చూశాను. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి సంకేతాలు పంపుతుంటాయి. ఫోన్ వాటిని వింటుంది, అంతే. తిరిగి ఏమీ పంపదు, డేటా ఖర్చవదు. నెట్ కావాల్సింది ట్రాక్ గీత వెనకాల కనిపించే మ్యాప్‌కి. అది ముందురోజు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. నెట్ లేనిచోట మొదటిసారి లొకేషన్ దొరకడానికి కాస్త టైమ్ పడుతుంది, ఆకాశం కనిపించేచోట రెండు మూడు నిమిషాలు ఆగితే చాలు.

నిజంగా రికార్డింగ్‌ను చంపేది బ్యాటరీ సేవర్. స్క్రీన్ ఆరిపోయిన కాసేపటికి ఫోన్ ఆ యాప్‌ను పక్కకి నెట్టేస్తుంది. మళ్లీ మీరు ఫోటో తీయడానికి ఫోన్ తెరిచేదాకా నిద్రే. ఇంటికొచ్చి చూస్తే కొండను బాణంలా చీల్చుకుపోయిన గీత ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆ ఒక్క యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేయండి. ఉపగ్రహం నిజంగానే అందని చోటంటారా, బొర్రా గుహల లోపల. అక్కడ పాజ్ చేసి వెళ్లండి.

అపోహ: యాప్ చూపించిందే నడిచిన దూరం

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు అని అందరికీ తెలుసు. ఒక ఏడాది మేం నలుగురం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి ఒకేసారి రికార్డింగ్ మొదలుపెట్టాం. కలిసే నడిచాం, కలిసే తిరిగొచ్చాం. నాలుగు ఫోన్లలో నాలుగు లెక్కలు. తక్కువ వచ్చినవాడికీ ఎక్కువ వచ్చినవాడికీ మధ్య దాదాపు 4 కిలోమీటర్ల తేడా. ఎక్కువ వచ్చినవాడు పుణ్యం కూడా ఎక్కువేనని ఊరంతా చెప్పుకున్నాడు.

బాగున్న ఫోన్, తెరిపి ఆకాశం ఉంటే జీపీఎస్ సుమారు 5 మీటర్ల లోపు చెబుతుంది. అంటే ప్రతి చుక్కా కొంచెం అటో ఇటో పడుతుంది. సెకనుకో చుక్క పెడితే ఆ వంకరలన్నీ కూడి దూరం పెరుగుతుంది. ముఖ్యంగా ఆగినచోట! ముడసర్లోవ దాటాక మజ్జిగ ఇస్తున్న పందిరి దగ్గర అరగంట కూర్చున్నాం. మ్యాప్ దగ్గరకు లాగి చూస్తే అక్కడ పిచ్చుక గూడులాంటి గీతల ముద్ద. మేం కదల్లేదు, ఫోన్ మాత్రం మా చుట్టూ ప్రదక్షిణలు చేసింది. మరోవైపు అరనిమిషానికో చుక్క పెడితే మలుపులన్నీ తెగిపోయి దూరం తగ్గుతుంది. నేను నడకకు 5 సెకన్లకో చుక్క పెడతాను, ఆగితే పాజ్ నొక్కుతాను. ఫోన్‌ను ప్యాంటు జేబులో కాకుండా బ్యాగ్ భుజం పట్టీకి తగిలించినా తేడా కనిపిస్తుంది.

అపోహ: ఎత్తు మైనస్‌లో వచ్చిందంటే ఫోన్ పాడైనట్టే

ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబడి ఉంటే, కొన్ని యాప్‌లు మీరు సముద్రానికి పదుల మీటర్లు కింద ఉన్నారంటాయి. ఫోన్ తప్పేం లేదు. జీపీఎస్ ఎత్తు లెక్కగట్టేది సముద్రమట్టం నుంచి కాదు, భూమికి లెక్కల్లో గీసుకున్న ఒక నునుపైన ఆకారం నుంచి. గురుత్వాకర్షణ అంతటా ఒకేలా ఉండదు గనక అసలు సముద్రమట్టం ఆ ఆకారానికి ఒకచోట పైన, ఒకచోట కింద ఉంటుంది. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద పల్లం మన దగ్గరే, శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో, సుమారు 106 మీటర్లు. మన తీరం కూడా ఆ పల్లం వాలులోనే ఉంది. కొన్ని యాప్‌లు ఈ తేడాను సరిచేసి చూపిస్తాయి, కొన్ని చూపించవు. అందుకే ఒకే ఫోన్‌లో రెండు యాప్‌లు రెండు ఎత్తులు చెబుతాయి.

'మొత్తం ఎంత ఎక్కాం' అన్న అంకెనైతే నేను అసలు నమ్మను. ఎత్తులో వచ్చే చిన్న చిన్న ఊగులాటలన్నీ కలిపేస్తే చదును బీచ్ రోడ్డు కూడా కొండైపోతుంది.

అపోహ: యాప్‌లో ఉన్నాయి కాబట్టి భద్రం

ఇది నాకు తగిలిన దెబ్బ. ఫోన్ నెమ్మదించిందని ఒక యాప్ తీసేసి మళ్లీ వేశాను. రెండేళ్ల ట్రాకులు దానితోపాటే పోయాయి. యాప్ తన సొంత ఫోల్డర్లో దాచుకున్నవి యాప్‌తోనే తుడిచిపెట్టుకుపోతాయి. సింక్ ఉందిగా అంటారు. సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఫోన్‌లో పొరపాటున తీసేస్తే సింక్ ఆన్‌లైన్‌లో ఉన్న కాపీని కూడా శ్రద్ధగా తీసేస్తుంది.

ప్రతి ట్రెక్ అయ్యాక జీపీఎక్స్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి యాప్ బయట దాచండి. అది మామూలు టెక్స్ట్ ఫైలే: వరసగా అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం. చాలా మ్యాప్ యాప్‌లు చదువుతాయి. ఆరేడు గంటల నడక కూడా కొన్ని ఎంబీలు దాటదు. 'ట్రాక్ 1', 'ట్రాక్ 2' అని వదిలేయకుండా ఏడాది, నెల, తేదీ ముందు పెట్టి ఊరి పేరు చేర్చండి. వరస దానంతటదే కుదురుతుంది.

స్క్రీన్‌షాట్ పంపి "ట్రాక్ పంపాను" అనేవాళ్లకు ఒక దండం.

అపోహ: ఫైల్లో తేదీ తప్పు పడింది

వంజంగి మేఘాలకోసం ఆదివారం తెల్లవారుజామున 4:30కి ఎక్కడం మొదలుపెడతాం. ఫైల్ తెరిస్తే శనివారం 23:00 అని ఉంటుంది. జీపీఎక్స్‌లో సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయంలో రాస్తారు, మనది దానికి 5:30 గంటలు ముందు. దిద్దకండి. దిద్దితే మీ ఫోటోలను ట్రాక్‌తో జతచేసేటప్పుడు అన్నీ తప్పుచోట పడతాయి.

అపోహ: ట్రాక్‌ను శుభ్రం చేయడమంటే మోసం చేయడం

బొర్రా నుంచి కిరండూల్ ప్యాసింజర్‌లో తిరిగొస్తూ రికార్డింగ్ ఆపడం మరచినవాళ్లు మా గ్రూపులో ప్రతి సీజన్‌లో ఒకరుంటారు. సొరంగం వచ్చినప్పుడల్లా తెగుతూ, మళ్లీ అతుక్కుంటూ, గంటకు 40 కిలోమీటర్ల 'నడక'! ఆ ముక్క కత్తిరించాల్సిందే. మజ్జిగ పందిరి ముద్ద కూడా. కాకపోతే అసలు ఫైల్‌ను ముట్టుకోకండి, కాపీ తీసుకుని దాని మీద చేయండి. చుక్కలు తగ్గించే 'సింప్లిఫై' మీట వెనక చాలా యాప్‌లలో ఉన్నది 1973 నాటి డగ్లస్-ప్యూకర్ పద్ధతి. తిన్నని దారిలో చుక్కలు తీసేసి మలుపుల్లో ఉంచుతుంది. మరీ గట్టిగా నొక్కితే మలుపులూ పోతాయి.

అపోహ: షేర్ చేస్తే ఏమవుతుంది?

మనది నేవీ ఊరు. 2018 జనవరిలో స్ట్రావా యాప్ మ్యాప్‌లో సైనికుల పరుగు దారులు వెలిగి, పలు దేశాల స్థావరాలు బయటపడ్డాయి. మన సంగతి అంత పెద్దది కాకపోవచ్చు, కానీ ఇంటి దగ్గరే స్టార్ట్ నొక్కితే ట్రాక్ మొదలయ్యేది మీ గేటు దగ్గర. మొదటి, చివరి కొన్ని వందల మీటర్లు కోసేశాకే గ్రూపులో పెట్టండి.

అపోహ: ట్రాక్ ఉందంటే దారి ఉన్నట్టే

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిపోయాక కంబాలకొండలో పాత ట్రాక్ పట్టుకుని వెళ్తే అడుగడుగునా పడిపోయిన చెట్లే. ఎర్రమట్టి దిబ్బల్లోనైతే తుపాను కూడా అక్కర్లేదు, ఒక్క గట్టివాన చాలు. మొన్నామధ్య నా సొంత ట్రాక్ పట్టుకునే దిబ్బల మధ్య దిగుతుంటే మేకలు కాసుకుంటున్న ముసలాయన కేకేశాడు. "ఎటెల్తన్నావు బావూ? ఆ దారి మొన్న వానకి కొట్టుకుపోనాది." ఫోన్ చూపించాను. దానికేసి చూడనైనా చూడకుండా కర్రతో ఎడమవైపు చూపించాడు. నాలుగడుగులు ముందుకేసి తొంగి చూస్తే నా గీత ఉన్నచోట రెండు నిలువుల గొయ్యి.

ఇంటికొచ్చాక ఆ పాత ఫైల్ పేరు చివర 'దారి తెగింది' అని చేర్చాను. తీసేయలేదు. కొత్త ట్రాక్‌ను దాని మీద వేసి చూస్తే వాననీటి గెడ్డ (వాగు) ఎటువైపు తినుకుంటూ వస్తోందో కనిపిస్తోంది.