టాక్సోప్లాస్మా, స్కిజోఫ్రీనియా: ఏది ముందు?

పిల్లి ఉన్న ఇంట్లో స్కిజోఫ్రీనియా (భ్రమలు, భ్రాంతులు కలిగే తీవ్ర మానసిక జబ్బు) ముప్పు రెట్టింపన్న వార్త మళ్లీ చక్కర్లు కొడుతోంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2023 డిసెంబరులో ప్రచురించిన సమీక్షే దీనికి మూలం. 11 దేశాల్లో జరిగిన 17 అధ్యయనాలు కలిపి చూసి ముప్పు 2.24 రెట్లని తేల్చారు. వాటిలో చాలావరకు నాణ్యత తక్కువవేనని కూడా వాళ్లే రాశారు. ఆ మాట మాత్రం శీర్షికల్లో కనబడదు.

నిజానికి అనుమానం పిల్లి మీద కాదు, దాని మలం ద్వారా వ్యాపించే టాక్సోప్లాస్మా గోండై అనే ఏకకణ పరాన్నజీవి మీద. ఈ పరాన్నజీవి సరిగా ఉడకని మాంసం నుంచి, మట్టి అంటిన కూరల నుంచి కూడా సోకుతుంది. అలాంటప్పుడు ఇంట్లో పిల్లి ఉందా అని అడిగితే తేలేది తక్కువ.

నా దృష్టిలో అసలు మలుపు 2008లో వచ్చింది. 1995 నుంచి ఈ వాదం వినిపిస్తున్న అమెరికా పరిశోధకులు ఫుల్లర్ టోరీ, రాబర్ట్ యోల్కెన్‌లు 2007లో 23 అధ్యయనాలను క్రోడీకరించారు. రోగుల్లో టాక్సోప్లాస్మా యాంటీబాడీలు (అది సోకిందని రక్తంలో కనిపించే ఆనవాళ్లు) ఉండే అవకాశం 2.73 రెట్లు ఎక్కువని చూపారు. అయితే అది ఎక్కువగా జబ్బు బయటపడ్డాక తీసిన రక్తం. జబ్బుతో తిండి, శుభ్రత అస్తవ్యస్తమయ్యాకే పరాన్నజీవి సోకిందేమో అంటే జవాబు లేదు.

ఆ జవాబు అమెరికా సైన్యం ఫ్రీజర్లలో ఉంది. సైనికుల నుంచి మామూలుగా తీసే రక్తంలోని సీరమ్‌ను (యాంటీబాడీలు ఉండే ద్రవ భాగాన్ని) అక్కడ ఏళ్ల తరబడి భద్రపరుస్తారు. 2008 అధ్యయనంలో, స్కిజోఫ్రీనియాతో సైన్యం నుంచి బయటికొచ్చిన 180 మంది సీరమ్‌ను, జబ్బు బయటపడక ముందుదీ తర్వాతదీ కూడా తీసి, 532 మంది ఆరోగ్యవంతుల సీరమ్‌తో పోల్చారు. పరాన్నజీవి సోకినవాళ్లకు ముప్పు 1.24 రెట్లని వచ్చింది. చిన్న అంకే, కానీ కాలక్రమాన్ని పట్టించుకున్న అంకె. అంతకు ఏడాది ముందు డెన్మార్క్‌లో, పుట్టగానే శిశువు మడమ నుంచి తీసి కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కల్ని పరీక్షిస్తే 1.79 రెట్లు తేలింది. ఆ చుక్కలోని యాంటీబాడీలు చాలావరకు తల్లివి. 2019లో అదే దేశంలో 81,912 మంది రక్తం పరీక్షించినప్పుడు, జబ్బు కంటే ఇన్ఫెక్షన్ ముందున్న కేసులనే లెక్కిస్తే ముప్పు 2.78 రెట్లకు పెరిగింది.

సంబంధమే లేదన్న అధ్యయనాలూ ఉన్నాయి. న్యూజిలాండ్‌లోని డనీడిన్‌లో 837 మందిని చూసిన 2016 అధ్యయనం అందులో ఒకటి. కానీ ఇది దాదాపు 300 మందిలో ఒకరికి వచ్చే జబ్బు. అంత చిన్న గుంపులో ఎందరు రోగులు దొరుకుతారు?

ఈ వార్త చదివి వాడుతున్న మానసిక వైద్యుల మందులు ఆపేసి పరాన్నజీవి మందు అడిగే కుటుంబాల గురించే నా బెంగ. మామూలు మందులకు ఈ పరాన్నజీవిపై పనిచేసే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ జోడించి చేసిన ప్రయోగంలో రోగ లక్షణాలు తగ్గలేదు. మెదడు కణాల్లో తిష్ట వేసిన సిస్టుల్ని (పరాన్నజీవి దాక్కునే గూళ్లని) పూర్తిగా తొలగించే మందు ఇంకా రాలేదు.