లాభాపేక్ష లేని సంస్థా, ప్రైవేటు కంపెనీయా: ఆస్ట్రేలియాలో ఈ ఎంపిక ఎలా పుట్టింది?

ఆస్ట్రేలియాలో జాతీయ వైకల్య బీమా పథకం కింద, అంటే అక్కడివారు ఎన్‌డీఐఎస్ అని పిలిచే పథకం కింద, ప్లాన్ (సహాయానికి కేటాయించిన నిధుల పత్రం) మంజూరైన కుటుంబం ముందుగా తేల్చుకోవలసిన విషయాల్లో ఒకటి సహాయం ఎవరి దగ్గర తీసుకోవాలన్నది. దశాబ్దాల చరిత్ర ఉన్న లాభాపేక్ష లేని సంస్థ వైపు మొగ్గాలా, ఈ మధ్యే వెలసిన ప్రైవేటు కంపెనీని పిలవాలా అన్న మీమాంస ఇప్పుడు సహజమే అయినా, పథకం రాకముందు ఈ ప్రశ్నకు దాదాపు అర్థమే లేదు. సంస్థే మనిషిని ఎంచుకునేది తప్ప మనిషి సంస్థను ఎంచుకునే వీలుండేది కాదు.

తొలినాళ్లలో ఈ రంగం ప్రభుత్వ ఆశ్రమాల మీద, దాతల చందాల మీద నడిచింది. మెల్‌బోర్న్‌లో 1887లో తెరిచిన క్యూ కాటేజెస్ వంటి చోట్ల బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలను ఊరికి దూరంగా ఉంచేవారు. ఆ దారి నచ్చని తల్లిదండ్రులు తామే సంస్థలు పెట్టుకున్నారు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్న కూతురి కోసం నీల్, ఆడ్రీ మెక్‌లియడ్ దంపతులు మరికొన్ని కుటుంబాలను కలుపుకొని 1945లో సిడ్నీలోని మాస్మన్‌లో స్పాస్టిక్ సెంటర్ ప్రారంభించారు. నేటి సెరిబ్రల్ పాల్సీ అలయన్స్ అదే. నిధుల కోసం ఇలాంటి సంస్థలు 1954 నుంచి మిస్ ఆస్ట్రేలియా పోటీలను ఆసరా చేసుకున్నాయి. వికలాంగ పిల్లల చికిత్సకు అందాల పోటీ సొమ్ము ఆధారమవడం నేడు వింతగా తోస్తుంది. 1980ల తొలినాళ్లలో వికలాంగ మహిళలే ఆ పోటీల ముందు నిరసనకు దిగారు. తమకు కావలసింది జాలి కాదనీ, హక్కనీ వారి వాదన.

ఆ తర్వాతి మలుపు గురించి తక్కువగా మాట్లాడుకుంటారు గానీ, నా దృష్టిలో అసలు కీలకం అక్కడే ఉంది. 1974, 1986 చట్టాలతోనూ, 1991లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతోనూ సర్కారు సొమ్ము ఈ సంస్థలకు క్రమంగా పెరిగింది. ఏడాదికి ఇన్ని పడకలు, ఇన్ని సీట్లు అని లెక్కగట్టి గ్రాంటును టోకున సంస్థ ఖాతాలో వేసేవారు. పెద్ద ఆశ్రమాలు మూతపడి, ఊరి మధ్య గ్రూప్ హోమ్‌లు, అంటే కొద్దిమంది కలిసి ఉండే ఇళ్లు, వచ్చినప్పుడు వాటిలో చాలావాటి నిర్వహణ కూడా ఈ సంస్థలకే దక్కింది. పేరుకు ధర్మసంస్థలే అయినా, ఆచరణలో అవి ప్రభుత్వ కాంట్రాక్టర్లుగా మారాయి. ఇల్లు మారాలన్నా, సంస్థ మారాలన్నా మళ్లీ వెయిటింగ్ లిస్టు చివర నిలబడాల్సిందే.

ఆస్ట్రేలియా ప్రభుత్వానికి సలహాలిచ్చే ప్రొడక్టివిటీ కమిషన్ 2011లో ఇచ్చిన నివేదిక ఈ వ్యవస్థను నిధులు చాలనిది, అన్యాయమైనది, ముక్కలు చెక్కలైనది అని తేల్చింది. అప్పటి ప్రధాని జూలియా గిలార్డ్ ప్రభుత్వం 2013 మార్చిలో చట్టం చేయగా, అదే ఏడాది జూలై 1న ప్రయోగాత్మకంగా, 2016 జూలై నుంచి దేశమంతటా దశలవారీగా పథకం అమలైంది. డబ్బు ఇక సంస్థకు కాక మనిషి పేరున మంజూరవుతుంది. సంస్థ సేవ చేశాకే బిల్లు పెట్టుకోవాలి. ముందే వచ్చే గ్రాంటుకు అలవాటుపడిన పాత సంస్థలు ఈ మార్పుకు తడబడుతుండగా, ప్రైవేటు కంపెనీలు, సొంతంగా పనిచేసే వర్కర్లు, ఆన్‌లైన్ ప్లాట్‌ఫారాలు వేగంగా రంగంలోకి దిగాయి. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వమైతే తన సొంత సేవలను ప్రభుత్వేతర సంస్థలకు అప్పగించి తప్పుకుంది.

ధర విషయంలో చాలామంది పొరబడతారు. లాభాపేక్ష లేనిది గనుక చవకగా ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు, ఎందుకంటే ధరల గరిష్ఠ పరిమితి రెండు రకాలకూ ఒక్కటే. 2024-25లో పనిదినం పగటిపూట సాధారణ సహాయానికి అది గంటకు 67.56 డాలర్లు. కనీస వేతనాలను నిర్ణయించే ఉత్తర్వు (అక్కడ దాన్ని అవార్డు అంటారు) కూడా ఇద్దరికీ ఉమ్మడిదే. తేడా రెండు చోట్ల వస్తుంది. లాభాపేక్ష లేని సంస్థ మిగులును సభ్యులకు పంచకూడదు. ఇక వాటిలో ప్రజాహిత సంస్థగా గుర్తింపు పొందిన వాటి ఉద్యోగులు ఏటా 15,900 డాలర్ల వరకు జీతాన్ని పన్ను లేకుండా ఇంటి అద్దె, లోను వాయిదాల వంటి ఖర్చులకు మళ్లించుకోవచ్చు. అనుభవమున్న వర్కర్ ఉద్యోగం మారకుండా నిలవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

భద్రత విషయంలో మాత్రం లాభాపేక్ష లేనిదన్న ముద్ర హామీ ఇవ్వదు. 2020 ఏప్రిల్‌లో అడిలైడ్‌లో ఒకే ఒక్క వర్కర్ చేతిలో ఏళ్లపాటు ఉన్న మహిళ దారుణమైన నిర్లక్ష్యం వల్ల మరణించింది. ఆపై జరిగిన సమీక్ష, నిస్సహాయ స్థితిలో ఉన్నవారిని ఒక్క వర్కర్‌కే వదిలేయరాదని సూచించింది. 2019లో ఏర్పడి 2023 సెప్టెంబరులో 222 సిఫార్సులిచ్చిన, వికలాంగులపై వేధింపులను, నిర్లక్ష్యాన్ని విచారించిన రాయల్ కమిషన్ ముందుకు పేరున్న లాభాపేక్ష లేని సంస్థల గ్రూప్ హోమ్‌ల ఫిర్యాదులూ వచ్చాయి. దొంగ బిల్లుల మీద 2022 చివర్లో ప్రత్యేక టాస్క్‌ఫోర్స్‌నే పెట్టవలసి వచ్చింది.

శాశ్వత నివాసం పొందిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ ఎంపిక ఎదురవుతుంది. ట్రస్టు, సొసైటీ అనగానే సేవ అనీ, కంపెనీ అనగానే వ్యాపారం అనీ విడదీసి చూసే అలవాటు మనకు బలంగా ఉంది. దాన్ని పక్కనపెట్టి, సంతకానికి ముందు సర్వీస్ అగ్రిమెంటును నిదానంగా చదవడం మేలు. వర్కర్ రాక రద్దు చేసుకోవాలంటే ఏడు రోజుల ముందు చెప్పకపోతే పూర్తి సొమ్ము వసూలు చేయవచ్చన్న నిబంధన, ఒప్పందం విరమించుకోవడానికి ఇవ్వవలసిన గడువు, సెలవు రోజున వర్కర్ స్థానంలో ఎవరొస్తారన్న మాట అందులోనే ఉంటాయి. సంస్థ పథకం కింద అధికారికంగా రిజిస్టరైందో లేదో కూడా అడగాలి. నిధులను పథకాన్ని నడిపే ప్రభుత్వ ఏజెన్సీయే నిర్వహిస్తే రిజిస్టరైన సంస్థలనే వాడుకోవాలి గానీ, సొంతంగా లేదా ప్లాన్ మేనేజర్ (బిల్లుల చెల్లింపు చూసేవారు) ద్వారా నిర్వహించుకునేవారు చాలా సేవలకు రిజిస్టర్ కానివారినీ పెట్టుకోవచ్చు. 2023 డిసెంబరులో వెలువడిన పథక సమీక్ష ఈ వెసులుబాటును దశలవారీగా బిగించాలనీ, ఒకరి ఇంటిని నడిపే సంస్థే అక్కడ రోజువారీ సహాయం కూడా అందించే పద్ధతిని విడదీయాలనీ కోరింది. పాత ధర్మసంస్థలూ కొత్త కంపెనీలూ ఒకేలా ఇబ్బందిపడే సూచన ఈ రెండోదే.