షూ లేసుకీ రాటకి చుట్టిన పలుపుకీ ఒకటే లెక్క

"రన్నింగ్ షూస్ సైజు కరెక్టే, కానీ పరిగెడుతుంటే మడమ పైకి లేచిపోతోంది, రెండు సాక్సులు వేసుకోనా, వెనకాల స్పాంజి అతికించనా?" అని ఒకాయన అడిగారు. ఆగండి, ముందు షూలో అన్నిటికన్నా పైన, చీలమండ దగ్గర, లేసు ఎక్కించకుండా వదిలేసిన కన్నం ఒకటుంటుంది చూడండి. గాలి కోసం పెట్టారనుకుంటారు చాలామంది. అది మడమ కోసం.

దాని సంగతి తెలియాలంటే పశువుల పాక దగ్గరికి పోవాలి. పొగరుమోతు గిత్త గుంజుతుంటే రైతు దానితో బలాబలాలు చూసుకోడు, పలుపు రాటకి రెండు చుట్లు తిప్పి కొస పట్టుకు నిలబడతాడు, మిగతాది రాపిడి చూసుకుంటుంది. 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త దీనికి లెక్క కట్టాడు. చుట్టు పెరిగే కొద్దీ పట్టు కూడికలా పెరగదు, హెచ్చవేతలా పెరుగుతుంది. రాపిడి గుణకం (రాపిడి ఎంతుందో చెప్పే అంకె) 0.3 అనుకుంటే, కొస దగ్గర మనం పట్టిన బలానికి అర చుట్టుకి 2.6 రెట్లు ఆపగలం, ఒక చుట్టుకి 6.6, రెండిటికి 43, మూడిటికి 286! రాట ఎంత లావన్నది లెక్కలోకే రాదు. ఈ లెక్కకి మూలం e అనే సంఖ్య, ఇంటర్‌లో ఆ 2.718ని మాచేత బట్టీ పట్టించిన సారు ఒక్కసారి రాట దగ్గరికి తీసుకెళ్ళుంటే ఎంత బాగుండేదో.

ఇప్పుడు లేసు. ప్రతి కన్నం దగ్గరా అది మలుపు తిరుగుతుంది, తక్కువలో తక్కువ పావు చుట్టు అనుకున్నా 62 శాతం బలమే అవతలికి పోతుంది, అంటే పైన పది కేజీల బలంతో లాగితే ఐదు కన్నాలు దాటేసరికి కేజీ కూడా మిగలదు. అందుకే పైన ఎంత బిగించినా వేళ్ళ దగ్గర వదులు వదులుగానే ఉంటుంది.

మొదట చెప్పిన ఆ ఖాళీ పై కన్నంలోకి లేసుని అదే పక్కన వెనక్కి దూర్చితే చిన్న ఉచ్చు వస్తుంది, రెండో పక్కా అంతే, తర్వాత ఈ కొస ఆ ఉచ్చులోంచి, ఆ కొస ఈ ఉచ్చులోంచి తీసి, మడమని వెనక్కి ఆనించి, కిందివైపుకి లాగి ముడెయ్యండి. ఉచ్చు గిలకలా పనిచేస్తుంది. రాపిడి లేకపోతే మీ బలం రెండింతలయ్యేది, ఉంది కాబట్టి 1.4 రెట్లే. నష్టమే కదా అంటారేమో, కాదు, ముడేశాక అదే రాపిడి మన పక్షాన నిలబడుతుంది, పాదం గుంజినప్పుడు ఆ బలంలో ఐదింట రెండొంతులే ముడిదాకా వస్తుంది.

పాదం పైభాగంలో ఎముక నొక్కుకుపోతుంటే అక్కడొక్కచోట లేసుని అడ్డంగా వెయ్యకుండా నిలువుగా పై కన్నంలోకి పోనివ్వండి. పరుగులో పాదాలు ఉబ్బుతాయి కాబట్టి వేళ్ళ దగ్గర వదులుగా వదిలెయ్యండి, పైన బిగించిన బిగువు ఎలాగూ అక్కడిదాకా రాదు. ఇన్ని చేశాకా మడమ లేస్తుంటే అప్పుడు స్పాంజి సంగతి చూద్దాం.